కదలెడు బొమ్మకు తూము

నంద్యాలకును ఆళ్లగడ్డకును నడుమ నున్న సీమ మిక్కిలి సారవంతమైనది. తూర్పున నల్లమల కొండలు, పడమట ఎఱ్ఱమల కొండలు, నడుమ కుందూ నది. ఈ సీమకు కర్నూలు–కడప కాలువ జీవనాధారము. సుంకేసుల యొద్ద తుంగభద్ర నుండి బయలుదేరు ఈ కాలువను 19వ శతాబ్దమున మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు త్రవ్వించిరి. 1882లో ప్రభుత్వము దానిని కంపెనీవద్ద కొన్నది. కొత్తపల్లె యను పేరు మన రాష్ట్రమున పెక్కు గ్రామములకు గలదు. ఈ సీమయందును గలదు. అట్టి గ్రామమున కాలువ క్రింద వరి పండించు రైతును తలచుకొనుడు. కాలువ యెన్ని మైళ్లు ప్రవహించి వచ్చినదో, దాని గట్టు నే యింజనీరు కట్టించెనో అతడు తెలిసికొనవలసిన పనిలేదు. అతనికి కావలసినది తూము. తూము ఎత్తిన నీరు వచ్చును, దించిన ఆగును. ఏ వారము ఎవరి వంతు, ఎంతసేపు పారవలెను అను కట్టుబాటు ముందే యేర్పడి యుండును. రైతు నాటినది ఏ వరిరకమో కాలువకు తెలియనక్కరలేదు. కాలువలోని మర్మములు రైతుకు తెలియనక్కరలేదు. ఇరువురి నడుమ తూమును, దాని కట్టుబాటును చాలును.

ఇట్టి తూములే కంప్యూటరులోను, చేతి ఫోనులోను కలవు. వానిని ఇంటర్‌ఫేసు లందురు. ఇంటర్‌ఫేసు అనగా ఇరుపక్షముల నడుమ కుదిరిన మాటల ఒప్పందము. ఒక పక్షము అడుగునది ప్రోగ్రాము. రెండవ పక్షము పని చేయునది మరొక ప్రోగ్రామో, యంత్రభాగమో కావచ్చును. ఏ మాటతో అడుగవలెను, అడిగినదానికి ఏమి బదులు వచ్చును, పని చెడినచో ఎట్లు తెలియును అనునవి ఆ ఒప్పందములోని నియమములు. కదలెడు బొమ్మలను, అనగా వీడియోలను, విప్పి చూపు యంత్రభాగమునకు ఇట్టి ఒప్పందమును ఎట్లు కూర్చెదరో ఈ పాఠమున తెలిసికొందము.

ఇది మీకు దూరపు విషయము కాదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రభుత్వ పాఠశాలలలోని ఎనిమిదవ తరగతి విద్యార్థులకు పాఠములతో కూడిన ట్యాబులను పంచినది. ఆ సంవత్సరము వానిని అందుకొన్న విద్యార్థులు 4 లక్షలకు పైబడిరి. అట్టి చిన్న పలకపై వీడియో పాఠము తడబడక సాగుటకును, రెండు గంటలలో బ్యాటరీ అడుగంటకుండుటకును ఈ ఒప్పందమే ఆధారము.

ప్రవాహ మెంత?

మొదట ఒక చిన్న లెక్క వేయుదము. వీడియో అనగా వేగముగా ఒకదాని వెంట నొకటిగా చూపబడు నిశ్చల చిత్రములు. అడ్డముగా 1920 చుక్కలు, నిలువుగా 1080 వరుసలు గల చిత్రమును తీసికొనుడు. గుణించినచో ఒక్క చిత్రమున 20,73,600 చుక్కలు వచ్చును. ప్రతి చుక్క రంగును చెప్పుటకు 3 బైట్లు కావలెననుకొన్నచో ఒక చిత్రమునకు 62,20,800 బైట్లు. సెకనుకు 25 చిత్రములు చూపవలెనన్న 15,55,20,000 బైట్లు. ఒక్క నిమిషమునకు 933 కోట్ల పైచిలుకు బైట్లు!

దినమునకు ఒకటిన్నర గిగాబైట్ల, అనగా సుమారు 150 కోట్ల బైట్ల, డేటా లభించు ఫోనును తలచుకొనుడు. ఉన్నదున్నట్లు పంపినచో ఆ దినపు డేటా అంతయు పది సెకనులలో హరించిపోవును. కాబట్టి వీడియోను పంపువారు దానిని గట్టిగా మూటకట్టి పంపుదురు. సెకనుకు 40 లక్షల బిట్ల చొప్పున పంపినచో అది 5 లక్షల బైట్లు మాత్రమే. అనగా అసలు పరిమాణములో సుమారు మూడువందలవ వంతు. ఇంతగా కుదించుట ఎట్లు సాధ్యమైనది?

మూటకట్టు ఉపాయము

ఇందులో రెండు ముఖ్యమైన ఉపాయములు గలవు. మొదటి దానిలో ఒక తెలుగువాని పాలు గలదు. ఆయన కామిశెట్టి రామమోహనరావు. 1952లో మద్రాసు విశ్వవిద్యాలయము నుండి ఇంజనీరింగు పట్టము పొంది, అమెరికాలో ఉన్నత విద్య నభ్యసించి, 1966 నుండి టెక్సాసు రాష్ట్రమున ఆర్లింగ్టను నగరములోని విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా ఉండెను. బెంగుళూరున జన్మించిన నాసిర్ అహ్మద్, ఆయన శిష్యుడు టి. నటరాజన్, రామమోహనరావు, ఈ మువ్వురు కలిసి 1974 జనవరిలో నాలుగు పుటల వ్యాసము నొకటి ప్రకటించిరి. దానిలో చెప్పబడిన గణితరీతికి డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫారము అని పేరు. అంతకు పూర్వము నాసిర్ అహ్మద్ ఈ పరిశోధనకు ధనసహాయము కోరగా అది లభింపలేదు. ఆలోచన మరీ సులువుగా నున్నదని ఒక పరీక్షకుడు అభిప్రాయపడెనని ఆయనయే తరువాత వ్రాసెను. ఆ సులువైన ఆలోచనయే నేడు లోకమందలి ఫోటోలకును వీడియోలకును పునాది యైనది. రామమోహనరావు 2021లో మరణించెను.

ఆ రీతి యేమనగా: చిత్రమును ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు గల గడులుగా కోయుదురు. ఒక్కొక్క గడిలో 64 సంఖ్యలుండును. గణితముచే వానిని మరి 64 సంఖ్యలుగా మార్చుదురు. వానిలో మొదటిది గడి మొత్తము యొక్క సగటు వెలుగును తెలుపును. తక్కినవి ఆ వెలుగు గడిలో ఎంత మెల్లగా, ఎంత వడిగా మారుచున్నదో తెలుపును. ఆకాశము, గోడ, నల్లబల్ల వంటి నున్నని భాగములలో ఆ మార్పు స్వల్పము. కనుక పెక్కు సంఖ్యలు సున్నకు చేరువగా నుండును. కంటికి తెలియని ఆ స్వల్ప సంఖ్యలను విడిచిపెట్టినచో మిగిలినవి కొద్ది. వానిని మాత్రమే పంపుదురు.

రెండవ ఉపాయము కదలికకు సంబంధించినది. పాఠము చెప్పు ఉపాధ్యాయురాలు చేయి కదపినది. వెనుకనున్న నల్లబల్ల కదలలేదు. అట్లైనచో ప్రతి చిత్రమున నల్లబల్లను మరల వర్ణించుట దేనికి? గత చిత్రము నుండి ఈ భాగమును ఉన్నదున్నట్లు తీసికొనుము, ఆ చేతి గడిని మూడు చుక్కలు కుడికి జరుపుము అని చెప్పిన చాలును. ఇట్లు మరియొక చిత్రముపై ఆధారపడక నిలుచు చిత్రములు కొన్ని, గత చిత్రముపై ఆధారపడునవి కొన్ని, ముందు వెనుకల రెంటిపైనను ఆధారపడునవి కొన్ని ఏర్పడును. ఈ రెండు ఉపాయములను కలిపి 1988లో హెచ్.261, తరువాత ఎంపెగ్ ప్రమాణములు, 2003లో హెచ్.264, 2013లో హెచ్.265 అను ప్రమాణములను అంతర్జాతీయ సంఘములు రూపొందించినవి.

విప్పువారెవ్వరు?

మూటకట్టుట పంపువాని పని. విప్పుట మన ట్యాబు పని. హెచ్.264 ప్రమాణమున చిత్రమును పదునారు చుక్కల గడులుగా లెక్కింతురు. 1920 చుక్కల వెడల్పున 120 గడులు, ఎత్తున 68 గడులు. మొత్తము 8,160 గడులు. ఒక్కొక్క చిత్రమునకు దొరకు కాలము సెకనులో ఇరువదియైదవ వంతు, అనగా 40 మిల్లీసెకనులు. సెకనుకు 2,04,000 గడులను విప్పి, జరిపి, కూడి, అంచులను నునుపు చేయవలెను.

ఈ పనిని కంప్యూటరులోని ముఖ్య ప్రాసెసరు చేయగలదు. కాని అది అన్ని పనులకును పనికివచ్చునట్లు చేయబడినది. లెక్కలు కట్టును, ఉత్తరములు వ్రాయును, ఆటలు ఆడించును. ఒక్కొక్క చిన్న కూడికకును ఆజ్ఞను చదివి, దాని అర్థమును గ్రహించి, పిమ్మట పని చేయును. అందువలన విద్యుత్తు వృథాయగును, చిప్పు వేడెక్కును. కావున చిప్పులోనే ఒక మూల వీడియోను విప్పుట కొరకే ప్రత్యేకమైన వలయములను కట్టుదురు. ఆ భాగమునకు డీకోడరు అని పేరు. అది మరియొక పని నెరుగదు. కాని తెలిసిన ఆ యొక్క పనిని స్వల్పమైన విద్యుత్తుతో చేయును. అన్ని పనులు చేయు కూలికిని, ఒక్క నాగలి పనిలో ఆరితేరిన సేద్యగానికిని గల భేద మిదియే.

అయితే డీకోడరు మూగది. వీడియో చూపు ప్రోగ్రామును వ్రాయువాడు ఒక ఊరివాడు. చిప్పును చేయువాడు మరియొక దేశమువాడు. ఒకరి నొకరు చూచి యెరుగరు. వారి నడుమ తూము కట్టవలెను. ఆ తూమును కట్టునప్పుడు ఎదురగు ప్రశ్నలు ఇపుడు చూతము.

మొదటి ప్రశ్న: హద్దు ఎచట?

వీడియోను విప్పుటలో అనేక మెట్లు గలవు. మొదట శీర్షికలను చదివి చిత్రపు కొలతలు, ఆధార చిత్రములు ఏవో తెలిసికొనవలెను. తరువాత బిట్ల మూటను విప్పి సంఖ్యలుగా చేయవలెను. పిమ్మట కొసైన్ గణితమును తిరుగవేయవలెను. చివరకు కదలికను చేర్చి చిత్రమును పూర్తి చేయవలెను. వీనిలో ఏ మెట్టు వరకు ప్రోగ్రాము చేయవలెను, ఏ మెట్టు నుండి డీకోడరు అందుకొనవలెను?

ఈ శతాబ్దపు తొలి వత్సరములలో లినక్సు కంప్యూటర్లకు ఎక్స్‌వీఎంసీ అను ఇంటర్‌ఫేసు ఉండెడిది. అది ముఖ్యముగా ఎంపెగ్-2 ప్రమాణమునకు ఉద్దేశింపబడినది. దానిలో చివరి రెండు మెట్లు మాత్రమే యంత్రమునకు అప్పగింపబడెను. బిట్ల మూటను ముఖ్య ప్రాసెసరే విప్పి, విప్పిన సంఖ్యల నన్నిటిని యంత్రమునకు మోయవలసివచ్చెను. కట్టిన గడ్డిమోపును విప్పి, పరకలు పరకలుగా బండి కెత్తినట్లయినది. మోపును మోపుగానే బండి కెత్తవలెనని అనుభవము నేర్పినది. కనుక తరువాతి ఇంటర్‌ఫేసులు కుదించిన బిట్లను కుదించినట్లే డీకోడరునకు ఇచ్చు ఏర్పాటును ముఖ్యముగా తీసికొన్నవి.

అప్పుడును రెండు మార్గములు మిగిలినవి. మొదటి మార్గమున వీడియోను మొత్తముగా డీకోడరు చేతిలో పోయుదురు. శీర్షికలను చదువుట, ఏ చిత్రమును ఎంతకాలము దాచవలెనో గుర్తుంచుకొనుట మొదలగునవన్నియు దాని బాధ్యతయే. 2012లో ఆండ్రాయిడులో ప్రవేశపెట్టబడిన మీడియాకోడెక్ అను ఇంటర్‌ఫేసు ఇట్టిది. ప్రోగ్రాము వ్రాయువానికి ఇది సులభము. రెండవ మార్గమున శీర్షికలను ప్రోగ్రామే చదివి, ఒక్కొక్క చిత్రమునకు కావలసిన వివరముల నన్నిటిని ఒక చీటీలో వ్రాసి బిట్లతో పాటు అందించును. డీకోడరు గతమును గుర్తుంచుకొనదు. చీటీలో నున్నంత చేసి ఊరకుండును. ఇంటెల్ సంస్థ రూపొందించిన వీఏ-ఏపీఐ ఈ మార్గమునకు చెందినది. ఇందు ప్రోగ్రామునకు శ్రమ ఎక్కువ. కాని ఒకే డీకోడరును ఇద్దరు ముగ్గురు పంచుకొనుట సులువు. తప్పు జరిగినచో అది ఎచట జరిగెనో కనుగొనుటయు సులువు. ఏది మంచిదని అడిగినచో, ఎవరికి ఏ బాధ్యత మోయు శక్తి గలదో చూచి నిర్ణయింపవలెనని బదులు చెప్పవలెను.

రెండవ ప్రశ్న: నీకేమి వచ్చును?

పని అప్పగించుటకు ముందు పనివానిని అడుగవలెను. ఆళ్లగడ్డ శిల్పి కడకు పోయి విగ్రహము చెక్కుదువా అని అడిగిన చాలదు. ఎంత ఎత్తున, ఏ రాతిలో, ఎన్ని దినములలో అనియు అడుగవలెను. డీకోడరు విషయమును అంతే. హెచ్.265 వచ్చునా అను ప్రశ్నకు వచ్చునను బదులు చాలదు. ప్రతి రంగును 8 బిట్లతో చెప్పు వీడియోలను విప్పగల చిప్పు 10 బిట్ల వీడియోలను విప్పలేకపోవచ్చును. చిన్న చిత్రములను విప్పునది పెద్ద చిత్రములకు చాలకపోవచ్చును. కావున ప్రమాణము, దానిలోని తరగతి, చిత్రపు కొలత, బిట్ల లోతు వీనిని వేర్వేరుగా అడుగుటకు ఇంటర్‌ఫేసున మాటలుండవలెను.

బదులు నిజమైనదిగా ఉండవలెను. రాని పనిని వచ్చునని చెప్పు డీకోడరు కంటె రాదని చెప్పునదే మేలు. రాదన్నచో ప్రోగ్రాము ముఖ్య ప్రాసెసరుతో ఆ పని చేయించుకొనును. బ్యాటరీ కొంత ఖర్చయినను పాఠము ఆగదు. వచ్చునని చెప్పి నడుమ చేతులెత్తినచో తెర నల్లబడును.

మూడవ ప్రశ్న: చిత్రము నెచట దాచవలెను?

విప్పిన చిత్రమును చుక్కకు ఒకటిన్నర బైట్ల చొప్పున దాచుట వాడుక. రంగు వివరములను కన్ను అంతగా గమనింపదు కాబట్టి వానిని తగ్గించి దాచుదురు. అట్లును ఒక్క చిత్రమునకు 31 లక్షలకు పైగా బైట్లగును. డీకోడరు దానిని విప్పి ప్రోగ్రామునకు పంపుట, ప్రోగ్రాము దానిని తెర చూపు భాగమునకు మరల పంపుట జరిగినచో సెకనుకు ఏడెనిమిది కోట్ల బైట్లు ఒకటికి రెండుమార్లు ఊరక మోయవలసి వచ్చును. డీకోడరు మిగిల్చిన విద్యుత్తు ఈ మోతలోనే పోవును.

నంద్యాల రైతు ధాన్యమును గిడ్డంగిలో ఉంచి రసీదు పుచ్చుకొనును. ఆ రసీదు చేతులు మారవచ్చును. బస్తాలు మాత్రము కదలవు. మంచి ఇంటర్‌ఫేసు నందును ఇదే పద్ధతి. చిత్రము చిప్పు యొక్క జ్ఞాపకశాలలోనే ఉండును. ప్రోగ్రామునకు దొరకునది దాని గుర్తుసంఖ్య మాత్రమే. ఆ సంఖ్యగల చిత్రమును తెరపై చూపుము అని ప్రోగ్రాము చెప్పును. చిత్రము చోటు కదలకయే తెరకు చేరును.

ఇచట ఒక సూక్ష్మము గలదు. 1080 వరుసలను 16చే భాగించినచో అరువదియేడున్నర వచ్చును. సగము గడి యుండదు గనుక దానిని 68గా పెంచుదురు. కావున దాచబడు చిత్రమునకు 1088 వరుసలుండును, చూపవలసినవి 1080. దాచు కొలత వేరు, చూపు కొలత వేరు అని చెప్పుటకు ఇంటర్‌ఫేసున చోటుండవలెను. ఆ భేదమును మరచిన ప్రోగ్రాములలో తెర అడుగున అర్థములేని పచ్చని చార యొకటి కనిపించును.

నాలుగవ ప్రశ్న: క్రమ మేది?

ముందు వెనుకల చిత్రముల రెంటిపైనను ఆధారపడు చిత్రములుండునని చెప్పుకొంటిమి. 1, 2, 3, 4 అను క్రమమున చూపవలసిన చిత్రములలో 2వది, 3వది 4వదానిపై ఆధారపడినచో, విప్పవలసిన క్రమము 1, 4, 2, 3 అగును. కనుక విప్పబడిన 4వ చిత్రము తన వంతు వచ్చు వరకు వేచియుండవలెను. చూపబడిన పిదపను, తరువాతి చిత్రమున కది ఆధారమైనచో దానిని చెరిపివేయరాదు. అనగా ఒక చిత్రపు చోటును తిరిగి వాడుకొనుటకు రెండు షరతులు తీరవలెను: తెరకు దానితో పని తీరవలెను, డీకోడరునకు దానితో పని తీరవలెను.

హెచ్.264లో ఆధార చిత్రములు పదునారు వరకు ఉండవచ్చును. అయితే ఈ కొలత గల వీడియోలకు సాధారణమైన స్థాయిలో నాలుగు చిత్రములకే చోటు. వానికి తోడు విప్పబడుచున్న దొకటి, చూపబడుచున్న దొకటి, వేచియున్నది ఒకటి యుండును. ఎన్ని చోట్లు కావలెనో ముందుగానే ప్రోగ్రాము అడిగి యేర్పరచుకొనవలెను. చోట్లు చాలనిచో తెర ఖాళీ చేయునని డీకోడరు, డీకోడరు క్రొత్త చిత్రమిచ్చునని తెర, ఒకరికై ఒకరు చూచుచు ఇరువురును నిలిచిపోవుదురు. ఇరుకు వంతెనపై ఎదురెదురుగా వచ్చిన రెండు బండ్ల వంటి దీ స్థితి.

అయిదవ ప్రశ్న: వేచియుండవలెనా?

ప్రోగ్రాము ఒక చిత్రమును అప్పగించి, అది పూర్తియగు వరకు చేతులు కట్టుకొని నిలిచినచో కాలము వృథా. కావున అప్పగించుట వేరు, అయినదా యని విచారించుట వేరుగా నుండవలెను. వీఏ-ఏపీఐ లో ఒక్కొక్క చిత్రమునకు మూడు మాటలు గలవు: చిత్రము ఆరంభించుము, ఈ చీటీలను తీసికొనుము, చిత్రము ముగించుము. ముగించుమనగా పని అయినదని కాదు. ఇక అప్పగించునది లేదని మాత్రమే. నిజముగా అయినదా యని తెలిసికొనుటకు వేరొక మాట గలదు. ఈ నడుమ ప్రోగ్రాము తరువాతి చిత్రపు శీర్షికలను చదువుకొనుచుండును. మిల్లులో ధాన్యము పోసి, మర ఆడుచుండగా తరువాతి బస్తా మూతి విప్పు మనిషివలె అది పని చేయును.

ఆరవ ప్రశ్న: చెడినచో?

గాలిలో వచ్చు సందేశములు దారిలో కొన్ని తప్పిపోవును. పని చెడినదని మాత్రమే చెప్పు ఇంటర్‌ఫేసు చాలదు. ఏ విధముగా చెడినదో చెప్పవలెను. బిట్లు చెడినవా? అట్లైనచో తరువాతి స్వతంత్ర చిత్రము వరకు ఓర్చుకొనిన చాలును. చోటు చాలలేదా? కొంత తాళి మరల అడుగవచ్చును. డీకోడరే నిలిచిపోయినదా? సర్వము విడిచి మొదటినుండి ఆరంభింపవలెను. ఈ మూడింటికిని చికిత్సలు వేరు గనుక పేర్లును వేరుగా నుండవలెను.

మరియొక భయము గలదు. వీడియో ఎవ్వరు పంపినదో మన మెరుగము. చెడు బుద్ధి గలవాడు, నాలుగు చోట్లు మాత్రమున్నచోట ఇరువదియవ చోటును చూడుమని వ్రాసి పంపవచ్చును. పరీక్షింపక నమ్మినచో డీకోడరు తనది కాని జ్ఞాపకశాలలోనికి చొరబడును. అందుచేత చీటీలోని ప్రతి సంఖ్యను హద్దులతో సరిచూచు బాధ్యత ఎవరిదో ఒప్పందముననే వ్రాసియుండవలెను. ఇరువురిదియు అన్నచో ఎవరిదియు కాదు.

ఏడవ ప్రశ్న: రేపటి మాట

ప్రమాణములు మారుచుండును. 2013లో హెచ్.265 వచ్చెను; 2018లో ఏవీ1 వచ్చెను. ప్రతి క్రొత్త ప్రమాణమునకును తూమును పగులగొట్టి మరల కట్టరాదు. వీఏ-ఏపీఐ లో పైన చెప్పిన మూడు మాటలు మారవు. చీటీల రకములు మాత్రము పెరుగును. క్రొత్త ప్రమాణమునకు క్రొత్త చీటీ చేర్చిన చాలును. పాత ప్రోగ్రాములు పాత చీటీలతో యథాప్రకారము నడచును. ముందుచూపు అనగా రాబోవునది తెలియుట కాదు. అది వచ్చినప్పుడు కూర్చుండుటకు పీట వేసియుంచుట.

ఇంతకంటె కష్టమైన సమస్య మరియొకటి యుండెను. ఎవరి తూము వారిదే. మైక్రోసాఫ్టు వారికి డీఎక్స్‌వీఏ; ఇంటెల్ వారికి వీఏ-ఏపీఐ; 2008లో ఎన్‌విడియా వారు ప్రకటించినది వీడీపావ్; ఆండ్రాయిడునకు మీడియాకోడెక్. వీడియో చూపు ప్రోగ్రామును వ్రాయువారు ఒకే పనిని అన్ని భాషలలోను వ్రాయవలసివచ్చెను. మన దేశమున పూర్వము శేరు, వీశె, కుంచము ఊరి కొక కొలతగా నుండగా వర్తకులు పడిన పాట్లు ఇట్టివే. 1958 అక్టోబరు నుండి మెట్రిక్ తూనికలు క్రమముగా అమలులోనికి వచ్చి ఆ చిక్కును తీర్చినవి. ఈ రంగమునను అట్టి ప్రయత్నము జరిగినది. పెక్కు సంస్థలు సభ్యులుగా గల క్రోనోస్ సంఘము వల్కన్ వీడియో అను ఉమ్మడి ఒప్పందమును తయారుచేసి, హెచ్.264, హెచ్.265 లను విప్పు భాగమును 2022 డిసెంబరులో స్థిరపరచినది. 2024లో ఏవీ1 దానికి చేరినది. పాత తూములు ఒక్కనాడు మాయము కావు. కాని క్రొత్తగా కట్టువారికి ఒక ఉమ్మడి కొలత దొరకినది.

ఎవరి కెంత లాభము?

ఈ ఒప్పందముల మంచిచెడ్డలను చివరకు అనుభవించువాడు వాని పేరైనను వినని సామాన్యుడు. ఏవీ1 వంటి క్రొత్త ప్రమాణము వీడియోను ఇంకను చిన్న మూటగా కట్టును. డేటా మిగులును. కాని పాత ట్యాబులోని డీకోడరునకు ఏవీ1 రాదు. అపుడు ముఖ్య ప్రాసెసరే విప్పవలెను; డేటా మిగిలి బ్యాటరీ తరిగిపోవును. హెచ్.264లో పంపినచో బ్యాటరీ మిగిలి డేటా తరిగిపోవును. కొత్తపల్లె వంటి గ్రామమున సాయంకాలము కరెంటు పోయినచో ఏది మిగులవలెనో అచటివారికి తెలియును. పంపువానికి ఎట్లు తెలియును?

తెలియునట్లు చేయుటయే ఇంటర్‌ఫేసు పని. వెబ్ బ్రౌజరులకు ప్రమాణములు నిర్ణయించు డబ్ల్యూ3సీ సంఘము మీడియా కేపబిలిటీస్ అను ఒప్పందమును రూపొందించినది. దానిలో ఒక వీడియోను గూర్చి అడిగినచో మూడు బదులులు వచ్చును: దీనిని చూపగలను లేక చూపలేను, తడబడక చూపగలను లేక చూపలేను, విద్యుత్తును పొదుపు చేయుచు చూపగలను లేక చూపలేను. మొదటి బదులుతో తృప్తిపడినవాడు యంత్రమును గూర్చి ఆలోచించెను. మూడవ బదులును కూడ అడిగినవాడు యంత్రమును చేతబట్టుకొన్న మనుష్యుని గూర్చి ఆలోచించెను. ఈ రెండవ తీరు ఆలోచన కలవాడే మంచి ఇంటర్‌ఫేసును కూర్చగలడు.

బాలబాలికలారా! నేడు హైదరాబాదులో క్వాల్‌కామ్, ఎన్‌విడియా వంటి చిప్పుల సంస్థలకు పెద్ద కార్యాలయములు గలవు. మన తెలుగునాటి యువతీయువకులు అనేకులు అట్టిచోట్ల పని చేయుచున్నారు. మీలో కొందరు రేపు ఆ పనిలో ప్రవేశింపవచ్చును. అందులకు గణితము కావలెను. రామమోహనరావు మొదలగువారి నాలుగు పుటలు దానికి సాక్ష్యము. కాని గణిత మొక్కటియే చాలదు. అడుగువాని మాటను స్పష్టముగా వినుట, చేయగలిగినదే చెప్పుట, చెప్పినది చేయుట, చేయలేనప్పుడు కారణము దాచక తెలుపుట, తన తరువాత వచ్చువారికి చోటు విడుచుట, ఇవియు కావలెను. యంత్రముల నడుమ మంచి ఒప్పందమునకు ఉండవలసిన గుణములు ఇవియే. మనుష్యుల నడుమ ఒప్పందములకు వేరు గుణములు లేవు.